ఫోన్‌లో బాగానే మాట్లాడిన అమ్మ: డిమెన్షియా, దూరం నుంచి అందే వైద్యం

డాలస్‌లో రాత్రి తొమ్మిది అంటే, వేసవి లెక్కల్లో, మన గుడివాడలో మర్నాడు పొద్దున్న ఏడున్నర. ఆఫీసు పని, పిల్లల హోంవర్కు అయ్యాక చిన్నకొడుకు ఆ టైముకే అమ్మకి వీడియో కాల్ చేస్తాడు. అమ్మ అప్పటికి కాఫీ తాగి, తల దువ్వుకుని, వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుంది. "తిన్నావా నాన్నా, పిల్లలు బాగున్నారా, అక్కడ ఎండలెలా ఉన్నాయి" అని అడుగుతుంది, నవ్వుతుంది, మనవరాలి జడ చూసి మురిసిపోతుంది. కాల్ అయ్యాక అతను, "అమ్మ బ్రహ్మాండంగా ఉంది, వదినే అనవసరంగా టెన్షన్ పడుతోంది" అనుకుంటాడు.

అదే అమ్మ సాయంత్రం ఆరింటికి కొంగు బిగించి గుమ్మం దగ్గర నిలబడి, "మా ఇంటికి పోతాను, మా నాన్న ఎదురుచూస్తుంటాడు" అంటుంది. ఆ నాన్న పోయి నలభై ఏళ్ళు. అప్పుడు డాలస్‌లో పొద్దున్న ఏడున్నర, అతను పిల్లల్ని స్కూలుకి తయారుచేసే హడావుడిలో ఉంటాడు. ఆ సాయంత్రం అతని కంట ఎప్పుడూ పడదు.

ఈ కుటుంబం నేను అల్లుకున్నదే, కానీ ఈ గొడవ అల్లుకున్నది కాదు. తల్లిదండ్రులు ఇక్కడా పిల్లల్లో కొందరు అక్కడా ఉన్న తెలుగు ఇళ్ళలో ఇది మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. ఇంట్లో ఉన్న కోడలు గోరంతలు కొండంతలు చేస్తోందని దూరంగా ఉన్నవాళ్ళ అనుమానం, దూరంగా ఉన్నవాళ్ళకి ఏం తెలుసని ఇంట్లో ఉన్నవాళ్ళ కోపం. నిజానికి ఇద్దరూ చూసింది నిజమే. ఇద్దరూ ఒకే మనిషిని వేరు వేరు గంటల్లో చూస్తున్నారు, అంతే. ఇప్పుడు డాక్టరు కూడా ఫోన్‌లోనే దొరుకుతున్నాడు కాబట్టి ఈ తేడాకి మరింత విలువ వచ్చింది. డాక్టరు పొద్దున్న ఏడున్నర అమ్మని చూస్తే ఒక వైద్యం, సాయంత్రం ఆరు అమ్మ గురించి వింటే ఇంకో వైద్యం.

డిమెన్షియా ఒక జబ్బు పేరు కాదు

కామెర్లు అంటే కళ్ళు పచ్చబడ్డాయని అర్థం. ఎందుకు పచ్చబడ్డాయో ఆ మాట చెప్పదు, కాలేయానికి వైరస్ సోకి ఉండొచ్చు, పిత్తనాళంలో రాయి అడ్డుపడి ఉండొచ్చు. డిమెన్షియా కూడా అలాంటి మాటే. జ్ఞాపకం, మాట, లెక్క, దారి గుర్తుపట్టడం, పనిని వరస తప్పకుండా చేయడం, ఇలాంటివాటిలో కొన్ని దెబ్బతిని, దానివల్ల రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని స్థితి వస్తే దాన్ని డిమెన్షియా అంటారు. మెదడులో ఏం జరిగి అలా అయిందన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకి ఎక్కువసార్లు వచ్చే జవాబు అల్జీమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో డిమెన్షియా కేసుల్లో 60 నుంచి 70 శాతం దీనివల్లే. అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో యాభై ఒక్క ఏళ్ళ ఒకావిడని చూశాడు. ఆవిడ చనిపోయాక మెదడును మైక్రోస్కోపు కింద పెట్టి, తను చూసినదాన్ని 1906లో తోటి డాక్టర్లకి వివరించాడు. మెదడు కణాల మధ్య ఒక ప్రొటీను గడ్డకట్టి ఉంది, కణాల లోపల ఇంకో ప్రొటీను చిక్కుపడి ఉంది. మొదటిదాన్ని ఇప్పుడు అమిలాయిడ్ అంటున్నారు, రెండోదాన్ని టావ్ అంటున్నారు. ఈ మార్పులు లక్షణాలు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ళ ముందే మొదలవుతాయి. కొత్త విషయాలను దాచుకునే భాగం ముందు దెబ్బతింటుంది. అందుకే పొద్దున్న తిన్న టిఫిను గుర్తుండదు, పెళ్ళిలో వడ్డించిన లడ్డూ గుర్తుంటుంది.

మిగతా రకాల తీరు వేరు. రక్తనాళాలు పూడుకుపోయి మెదడులో చిన్న చిన్న భాగాలు చచ్చుబడితే వచ్చేదాన్ని వాస్క్యులర్ డిమెన్షియా అంటారు. ఇది తరచు మెట్లు దిగినట్టు దిగుతుంది, కొన్ని నెలలు ఒకేలా ఉండి ఉన్నట్టుండి ఒక మెట్టు కిందికి జారుతుంది. బీపీ, షుగర్ ఎక్కువున్న మన రాష్ట్రాల్లో దీన్ని చిన్నచూపు చూడటానికి లేదు, చాలామందిలో ఇదీ అల్జీమర్సూ కలిసే ఉంటాయి. ఫ్రాంటోటెంపొరల్ రకంలో ముందు మారేది స్వభావం. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి అందరి ముందు బూతులు తిట్టడం, దుబారా, మొహమాటం పూర్తిగా పోవడం లాంటివి కనిపిస్తాయి. ఇది అరవై దాటకముందే వస్తుంటుంది కాబట్టి ఎవరూ దీన్ని జబ్బనుకోరు, బుద్ధి చెడిందంటారు.

లూయీ బాడీ రకం గురించి కాస్త నిలబడి చెప్పాలి. ఇందులో రోజుకో రకంగా, ఒక్కోసారి గంటకో రకంగా ఉంటారు, నడక బిగుసుకుంటుంది, లేనివి స్పష్టంగా కనిపిస్తాయి. "ఇంట్లో ఎవరో చిన్నపిల్లలు తిరుగుతున్నారు, వాళ్ళకి అన్నం పెట్టండి" అని ఒక తాతగారు అంటే, చాలా ఇళ్ళలో ముందు గుర్తొచ్చేది గాలి సోకిందేమోనని. తాయెత్తు కట్టించినందువల్ల పెద్దగా నష్టం లేకపోవచ్చు, ఆలస్యం తప్ప. కానీ ఎవరో ఆ భ్రమలు పోవడానికని హాలోపెరిడాల్ లాంటి మందు ఇస్తే మాత్రం ప్రమాదం. ఈ రకం ఉన్నవాళ్ళకి అలాంటి మందులు పడవు, మనిషి కట్టెలా బిగుసుకుపోవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు.

మతిమరుపు ఎక్కడ ఆగుతుంది, జబ్బు ఎక్కడ మొదలవుతుంది

వయసుతో మతిమరుపు రావడం నిజమే. పక్కింటావిడ పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, సాయంత్రానికి గుర్తొస్తుంది. అది చాదస్తం కూడా కాదు, వయసు.

ఆవకాయ సంగతి చూద్దాం. యాభై వేసవులు కంటి చూపుతోనే కారం, ఆవపిండి, ఉప్పు పాళ్ళు కలిపిన చెయ్యి. ఒక ఏడాది ఉప్పు కాస్త ఎక్కువైంది, "అయ్యో, మర్చిపోయి రెండుసార్లు వేశానే" అని ఆవిడే పట్టుకుంది. ఇది మతిమరుపు. ఇంకో ఏడాది ముక్కలు కోసి, కారం కొలిచి, గిన్నె ముందు కూర్చుని, తర్వాత ఏం చేయాలో తెలియక అలాగే ఉండిపోయింది. నూనె చేతికిస్తే పొయ్యి మీద పెట్టబోయింది. ఎవరైనా అడిగితే "ఈసారి మామిడికాయ బాగాలేదు" అని మాట మార్చింది. ఇక్కడ పోయింది ఒక విషయం కాదు, పనిలో వరస. పైగా తప్పు జరిగినట్టు ఆవిడకి పూర్తిగా తెలియడం లేదు, లేదా తెలిసి దాచుకుంటోంది. ఇంట్లోవాళ్ళు చూసుకోవలసిన తేడా ఇదే.

మా పెద్దమ్మ విషయంలో రెండేళ్ళు మేం దీన్ని చాదస్తమనే అనుకున్నాం. పనమ్మాయి గాజులు తీసిందని ఆవిడ అన్నప్పుడు, పాపం, ఆ అమ్మాయిని మానిపించేశాం కూడా. గాజులు తర్వాత బియ్యం డబ్బాలో దొరికాయి. వస్తువు ఎక్కడ పెట్టామో గుర్తులేనప్పుడు, పెట్టామన్న సంగతే గుర్తులేనప్పుడు, మెదడుకి మిగిలే ఒకే ఒక్క వివరణ దొంగతనం. అది జబ్బు లక్షణమని ఇప్పుడు తెలుసు, కానీ ఆ అమ్మాయికి పడ్డ మచ్చ మాత్రం పోలేదు.

ముందు తీసి పక్కన పెట్టాల్సిన కారణాలు

డిమెన్షియాలా కనిపించేవన్నీ డిమెన్షియా కావు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ తగ్గినా ఆలోచన మందగిస్తుంది. భర్త పోయిన ఏడాదికి "నాకేం గుర్తుండటంలేదు" అంటున్న అమ్మకి ఉన్నది డిప్రెషన్ కావచ్చు. అలర్జీకీ, నిద్రకీ, మూత్రం ఆపుకోలేకపోవడానికీ వాడే కొన్ని మందులు పెద్దవయసులో తలని మొద్దుబారుస్తాయి. బాత్రూంలో జారిపడి తలకి చిన్న దెబ్బ తగిలితే, కొన్ని వారాలకి పుర్రె కింద నెమ్మదిగా రక్తం చేరి ఇవే లక్షణాలు రావచ్చు. వీటిలో చాలావాటిని సరిచేయొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం డెలీరియంతో. నిన్నటిదాకా బాగున్న తాతగారు రెండ్రోజుల్లో మనుషుల్ని పోల్చుకోకపోవడం, రాత్రంతా కలవరించడం, లేదా ఉన్నట్టుండి మగతగా పడి ఉండటం. ఇది నెలల మీద రాదు, గంటల్లో, రోజుల్లో వస్తుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో సోడియం పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు లాంటివి వెనక ఉంటాయి. డిమెన్షియా ఉన్నవాళ్ళకి డెలీరియం ఇంకా తేలిగ్గా వస్తుంది కాబట్టి, "జబ్బు ముదిరింది, ఏం చేస్తాం" అని వదిలేస్తే తగ్గాల్సిన ఇన్ఫెక్షను ప్రాణం తీస్తుంది. వీడియో కాల్‌తో సరిపెట్టుకోకూడని సందర్భం ఇది, నేరుగా ఆసుపత్రికే.

మన దగ్గర ఎంతమందికి, ఎలా తెలుస్తుంది

లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం ఆధారంగా 2023లో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఆడవాళ్ళలో 9 శాతం, మగవాళ్ళలో 5.8. పల్లెల్లో 8.4, పట్టణాల్లో 5.3. నిపుణులేమో పట్టణాల్లో ఉన్నారు, రోగులేమో పల్లెల్లో ఎక్కువున్నారు. దూరం నుంచి వైద్యం అనే ఆలోచనకి మన దేశంలో అసలు అవసరం ఇక్కడుంది, అమెరికా కొడుకుల దగ్గర కాదు.

పరీక్ష కూడా తేలిక కాదు. ప్రపంచమంతా వాడే ఎంఎంఎస్‌ఈ అనే ముప్ఫై మార్కుల పరీక్షలో వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంటారు, ఒక వాక్యం రాయమంటారు, బొమ్మ చూసి గీయమంటారు. బడి గడప తొక్కని, పలక పట్టని అవ్వ అక్కడే ఓడిపోతుంది. ఆవిడ సంతలో కూరగాయల లెక్క నోటితో చెప్పగలదు, కౌలు లెక్క తప్పదు, అయినా కాగితం మీద రోగి అయిపోతుంది. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. రిటైరైన లెక్కల మాస్టారు సగం సామర్థ్యం పోయాక కూడా మార్కులు తెచ్చుకుంటారు. అందుకే చదువురానివాళ్ళ కోసం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో హిందీ పరీక్ష ఒకటి తయారైంది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షల పెట్టె తయారుచేయించింది.

భాషల మాట వచ్చింది కాబట్టి ఒక హైదరాబాద్ సంగతి. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక పరిశోధన ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ళకంటే రెండో భాష కూడా మాట్లాడేవాళ్ళలో లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువురానివాళ్ళలోనూ ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ వీధిలోనే కలిసిపోయే ఊరు కాబట్టి, భాష రావడానికి చదువుతో పని లేని ఊరు కాబట్టి ఈ పరిశోధన అక్కడ సాధ్యమైంది. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన కొన్ని అధ్యయనాల్లో ఈ మేలు కనిపించలేదు. రెండు భాషలు జబ్బుని ఆపుతాయని ఎవరూ అనడం లేదు, బయటపడటాన్ని వాయిదా వేయొచ్చేమోనన్నదే చర్చ.

ఫోన్‌లో డాక్టరు: చట్టం ఏమంటోంది

2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. మన విషయానికి ముఖ్యమైన మాట అందులో ఒకటుంది. రోగి సొంతంగా మాట్లాడలేని స్థితిలో ఉంటే, దానికి ఉదాహరణగా డిమెన్షియానే పేరు పెట్టి రాశారు, చూసుకుంటున్న మనిషి రోగి తరఫున డాక్టరుతో మాట్లాడొచ్చు, విడిగా అనుమతి పత్రం అక్కర్లేదు. ఒకసారి నేరుగా చూపించుకున్న ఆరు నెలల్లోపు అదే సమస్య మీద మాట్లాడితే అది ఫాలో అప్ కింద వస్తుంది, అప్పుడు ఫోన్‌లో రాయదగిన మందులు పెరుగుతాయి. గట్టి ఆంక్షలున్న షెడ్యూల్ ఎక్స్ మందులు, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చేవి నిషేధ జాబితాలో ఉంటాయి. "నిద్రమాత్ర ఒకటి వాట్సాప్‌లో రాసి పంపండి డాక్టరుగారూ" అంటే ఆయన తటపటాయించేది అందుకే.

ప్రభుత్వ దారుల్లో ఈ-సంజీవని ఒకటి. పల్లెలో ఆరోగ్య కేంద్రానికి వెళ్తే అక్కడి సిబ్బంది వీడియోలో పెద్ద డాక్టరుతో కలుపుతారు. 2019లో ఈ ఏర్పాటును ముందుగా మొదలుపెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఇంటి నుంచే మాట్లాడే పద్ధతి 2020 ఏప్రిల్‌లో వచ్చింది. మానసిక సమస్యలకి 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. చూసుకునేవాళ్ళు ఏడుపొచ్చినప్పుడు కూడా దీనికి చేయొచ్చు, ఇది రోగులకు మాత్రమే అనుకోనక్కర్లేదు. పెద్దవాళ్ళ సమస్యలకి ఎల్డర్ లైన్ నంబరు 14567.

ఒక వీడియో సంప్రదింపు లోపల

మన గుడివాడ కుటుంబానికే వద్దాం. విజయవాడ న్యూరాలజిస్టు ఒకసారి నేరుగా చూశారు, రక్తపరీక్షలు, స్కాన్ అయ్యాయి, అల్జీమర్స్ అన్నారు. మూడు నెలల తర్వాత వీడియోలో మాట్లాడుతున్నారు. ఇంతకుముందు ఇదే పనికి కారెక్కించి నలభై కిలోమీటర్ల పైన తీసుకెళ్ళి, టోకెన్ తీసుకుని, తెలియని మనుషుల మధ్య మూడు గంటలు కూర్చోబెడితే, డాక్టరు గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ బెదిరిపోయి ఉండేది. ఇప్పుడు తన కుర్చీలోనే ఉంది.

డాక్టరు ముందు ఆవిడతోనే మాట్లాడారు. బాగానే జవాబు చెప్పింది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. మన పలకరింపులన్నీ అరిగిపోయిన బాటలే. "తిన్నారా, ఏం కూర, పిల్లలెలా ఉన్నారు" అనేవాటికి జవాబు చెప్పడానికి కొత్త జ్ఞాపకం అక్కర్లేదు, డెబ్బై ఏళ్ళ అలవాటు చాలు. డాలస్ కొడుకు రోజూ "ఏం కూరమ్మా" అంటే రోజూ "బీరకాయ" అంటుంది, అతను దాన్ని ఎప్పుడూ సరిచూసుకోలేదు, ఎవరు చూసుకుంటారు? అందుకే డాక్టరు ఆ తర్వాత కోడలితో విడిగా మాట్లాడారు, అత్తగారు పక్కగదిలో ఉండగా. ఆవిడ ముందే "రాత్రి పక్క తడిపేసుకున్నారు" అని చెప్పడం ఎంత నరకమో ఇద్దరికీ తెలుసు. ఆసుపత్రి గదిలో ఇలా విడదీయడం కష్టం, ఇంట్లో తేలిక. మందుల డబ్బా కెమెరా ముందు పెట్టమంటే, ఎప్పుడో మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు కూడా బయటపడ్డాయి. వసారాలో నాలుగడుగులు నడవమన్నారు, గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా మడతపడి ఉండటం కనిపించింది.

కుదరనివీ ఉన్నాయి. చేతులు వంచి బిగుసుకున్నాయో లేదో డాక్టరు చూడలేరు. కంటి కదలిక, రిఫ్లెక్సులు తెలియవు. నాడి, బీపీ ఇంట్లో మిషను ఉంటేనే. మాటలతో చేసే పరీక్షలు వీడియోలో నేరుగా చేసినంత దగ్గరగానే వస్తున్నాయి, బొమ్మ గీసే పరీక్షలు మాత్రం అంత నమ్మకంగా రావు. చెవుడుంటే ఇంకా కష్టం. ప్రశ్న వినపడక తప్పు చెప్పారా, తెలియక చెప్పారా అన్నది నెట్ ఆగి ఆగి వచ్చే కాల్‌లో తేలదు. అన్నట్టు, చెవుడు పరీక్షకి అడ్డం మాత్రమే కాదు. డిమెన్షియా ముప్పు పెంచే, మనం మార్చుకోగలిగే 14 కారణాలను లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది, వినికిడి లోపం అందులో ఒకటి. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, ఒంటరితనం, చూపు తగ్గడం కూడా ఆ జాబితాలోవే. ఇవన్నీ లేకపోతే దాదాపు 45 శాతం కేసుల్ని ఆపడమో వాయిదా వేయడమో కుదురుతుందని వాళ్ళ అంచనా.

కాబట్టి వాదన వీడియోనా ఆసుపత్రా అన్నది కాదు. జబ్బేమిటో తేల్చడం, ఉన్నట్టుండి వచ్చిన మార్పు, పడిపోవడం, ఇవి నేరుగా చూడాల్సినవి. మందు పడిందా లేదా, నిద్ర, ఆకలి, కోపం, చూసుకునే మనిషి అలసట, ఇవి దూరం నుంచి కొన్నిసార్లు మెరుగ్గానే కనిపిస్తాయి.

మందులు చేసేది, చేయనిది

డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్, మెమాంటిన్. ఎక్కువగా రాసేవి ఇవే. ఇవి జబ్బుని ఆపవు, కొందరిలో కొంతకాలం లక్షణాలను కాస్త నిలబెడతాయి. "మందు వాడుతున్నా తగ్గట్లేదు" అని ఆపేసే ఇళ్ళున్నాయి. తగ్గడం అనే కొలత ఇక్కడ సరిపోదు, ఎంత నెమ్మదిగా దిగుతోందన్నదే కొలత. డొనెపెజిల్‌తో వికారం, విరోచనాలు రావచ్చు, నాడి నెమ్మదించవచ్చు. ఈ సంగతులు ఇంట్లోవాళ్ళు చెప్తేనే ఫోన్‌లో ఉన్న డాక్టరుకి తెలుస్తాయి.

కొత్త ఇంజెక్షన్ల గురించి వాట్సాప్‌లో చాలా తిరుగుతోంది. లెకనెమాబ్‌కి అమెరికాలో 2023 జులైలో పూర్తి అనుమతి వచ్చింది, డొనానెమాబ్‌కి 2024 జులైలో. ఇవి అమిలాయిడ్‌ని తొలగిస్తాయి, తొలిదశలో ఉన్నవాళ్ళకి మాత్రమే. లెకనెమాబ్‌ని రోగుల మీద పరీక్షించినప్పుడు పద్దెనిమిది నెలల్లో దిగజారుడు 27 శాతం నెమ్మదించింది. వినడానికి పెద్దదే, కానీ పద్దెనిమిది పాయింట్ల కొలత మీద ఆ తేడా అర పాయింటు కూడా లేదు. ఇన్నేళ్ళకి జబ్బు మూలం మీద పనిచేసే మందు దొరికిందని కొందరు నిపుణులంటే, ఇంట్లోవాళ్ళు గమనించలేనంత చిన్న మేలు అని మరికొందరంటారు. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ముప్పుంది కాబట్టి పదే పదే ఎంఆర్ఐ తీయాలి. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2024 జులైలో లెకనెమాబ్‌ని కాదని, నవంబరులో కొందరికే పరిమితం చేసి సరేనంది. ఏ లెక్కన చూసినా ఇది ఆసుపత్రి, స్కాన్లు లేకుండా ఇంట్లోనే సాగించే వైద్యం కాదు.

కోపం, అరుపులు ఎక్కువైనప్పుడు ఇచ్చే యాంటీసైకోటిక్ మందుల గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది, డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ళలో మరణం ముప్పు పెంచుతాయని. అసలు వాడకూడదని కాదు, మనిషికి హాని జరిగేంతగా పరిస్థితి ఉన్నప్పుడు తక్కువ మోతాదులో, తక్కువకాలం వాడే డాక్టర్లున్నారు. ఇంట్లో మనుషులు చాలక, రాత్రిళ్ళు నిద్రలేక, వాటి కోసం బతిమాలే కుటుంబాలనూ నేను తప్పుపట్టలేను.

సంతకం సంగతి

డాక్టరు దగ్గర చూసుకునే మనిషి మాట చెల్లుతుంది, బ్యాంకు దగ్గర, రిజిస్ట్రారు దగ్గర చెల్లదు. చాలామంది అమ్మానాన్నల చేత జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, తమ తరఫున సంతకాలు చేసే అధికారం) రాయించుకుని నిశ్చింతగా ఉంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం అక్కడితో ఆగిపోతుంది. అంటే దాని అవసరం మొదలయ్యే రోజుకే అది చెల్లకుండా పోతుంది. ఆ తర్వాత సంరక్షకులుగా గుర్తింపు కోసం కోర్టు మెట్లెక్కాలి. వీలునామా కూడా తెలివి నిలకడగా ఉన్నప్పుడు రాసిందే నిలుస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం, మానసిక వైద్యం వరకు తన తరఫున ఎవరు నిర్ణయించాలో ముందే రాసిపెట్టుకోనిస్తుంది. జబ్బు పేరు తొలిదశలోనే తెలియడం వల్ల మందుకంటే ఎక్కువ మేలు కొన్ని కుటుంబాలకి ఇక్కడ జరుగుతుంది. ఏం కావాలో ఆవిడే చెప్పగల రోజులు కొన్ని చేతిలో ఉంటాయి.

గదిలో కెమెరా

దూరంగా ఉన్న పిల్లలు ముందు కొనేది ఇదే. స్టవ్ ఆపలేదని, గేటు తీసుకుని వెళ్ళిపోయిందని పది నిమిషాల్లో తెలుస్తుంది, పక్కింటివాళ్ళకి ఫోన్ చేయొచ్చు, ఆ మేలు నిజమే. కానీ పడకగదిలో, బట్టలు మార్చుకునే చోట ఒక కన్ను ఎప్పుడూ చూస్తుండటం ఆవిడ ఒప్పుకున్నదేనా? ఆయాని, కోడల్ని కూడా అది రోజంతా చూస్తుంటుంది. డాలస్‌లో కూర్చుని "నిన్న మూడింటికి అమ్మకి మంచినీళ్ళు ఇవ్వలేదేం" అని అడిగితే ఆ ఇంట్లో ఎవరు మిగులుతారు? వీధి గుమ్మానికి, వంటింటికి పరిమితం చేసుకున్నవాళ్ళున్నారు, కెమెరా బదులు తలుపుకి గంట కట్టి ఊరుకున్నవాళ్ళున్నారు. ఒంటరిగా ఉండే తండ్రికీ, నలుగురి మధ్య ఉండే తల్లికీ జవాబు ఒకటి కాదు.

పక్కన ఉన్న మనిషికి ఎవరు

గోవాలో చేసి 2008లో ప్రచురించిన ఒక పరిశోధనలో, డాక్టర్లు కాని స్థానిక ఆరోగ్య కార్యకర్తలు డిమెన్షియా ఉన్నవాళ్ళ ఇళ్ళకి ఆరు నెలలు వెళ్ళి, జబ్బంటే ఏమిటో చెప్పి, చూసుకునేవాళ్ళ గోడు విని, అవసరమైతే డాక్టరుతో కలిపారు. చూసుకునేవాళ్ళ మానసిక స్థితి మెరుగుపడింది. మరోపక్క ఐ-సపోర్ట్ అని, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆన్‌లైన్‌లో చదువుకునే పాఠాలు తయారుచేసింది. మన దేశంలో దాన్ని పరీక్షిస్తే చేరినవాళ్ళలో సగానికి పైగా చివరిదాకా నిలవలేదు, భారం తగ్గినట్టూ తేలలేదు. పాఠాలు చెడ్డవని కాదు. రాత్రి మూడుసార్లు లేచిన మనిషి పగలు తెర ముందు కూర్చుని చదవలేదు. ఇంటికొచ్చి "నువ్వు తిన్నావా" అని అడిగే మనిషి చేసే పని వేరు.

ఆరింటికి ఆవిడ "మా ఇంటికి పోతాను" అంటే, "ఇదే మీ ఇల్లు, మీ నాన్న పోయి నలభై ఏళ్ళయింది" అని చెప్పడం నిజమే, కానీ ఆవిడకి అది ఆ క్షణాన విన్న చావుకబురు, రేపు మళ్ళీ కొత్తగా వింటుంది. అబద్ధం చెప్పకూడదనేవాళ్ళు, మనిషి మీద ఉన్న గౌరవం నిజంలోనే ఉంటుందంటారు. మరికొందరు ఆ బాధ పెట్టడమే అగౌరవమంటారు. చాలామంది చూసుకునేవాళ్ళు రెంటికీ మధ్య దారిలో నడుస్తారు. "మీ నాన్నగారు ఏం చేసేవారు అత్తయ్యా" అని అడుగుతారు, గాదె గురించీ, గేదెల గురించీ ఆవిడ చెప్తుంటే మాటల్లోనే లోపలికి నడిపించుకొస్తారు. సాయంత్రాలు ఎందుకిలా అవుతుందంటే అలసట, వెలుతురు తగ్గడం, లోపలి గడియారం గాడి తప్పడం కారణాలుగా చెప్తారు. చీకటి పడకముందే లైట్లు వేస్తే కొందరిలో తగ్గుతుంది.

మన చిన్నకొడుకు ఇప్పుడు వారానికి రెండుసార్లు డాలస్‌లో పొద్దున్న ఏడున్నరకి చేస్తున్నాడు, పిల్లల్ని భార్య దింపి వస్తోంది. మొదటిసారి ఆ గొంతు విని, ఆ గుమ్మం చూసి, కాసేపు మాట్లాడలేకపోయాడు. తర్వాత అమ్మతో కాకుండా ముందు వదినతో మాట్లాడాడు. "రాత్రి ఎంతసేపు పడుకున్నారు వదినా?" అని అడిగాడు, అమ్మ గురించి కాదు.